సిందూరం కింద గీత

జూలై 3

వాన. ఫిల్ములు ఆరడం లేదు. పొద్దున డార్క్‌రూమ్ తీగకి వేలాడదీసినవి సాయంత్రానికీ జిడ్డుగానే ఉన్నాయి. టేబుల్ ఫ్యాన్ పెట్టాను. కరెంటు పోయింది.

గొట్టాల కాంట్రాక్టరు మనిషి మళ్ళీ వచ్చి వెళ్ళాడు. వాళ్ళ వెల్డింగు అతుకుల ఎక్స్‌రేలన్నీ నా టేబుల్ మీదే. ఒక్కో ఫిల్మునూ వ్యూయర్ దీపం మీద పెట్టడం, నల్లదాన్ని వెతకడం. నల్ల చుక్క అంటే లోపల గాలి బుడగ. నల్ల గీత అంటే పగులు. గీత కనిపిస్తే రిజెక్ట్ అని రాస్తాను. ఎక్కడో ఎవరో ఆ అతుకు కోసేసి మళ్ళీ మొదలుపెడతారు. వాళ్ళ మొహాలు నేను చూడను. అదొక్కటే ఈ ఉద్యోగంలో సుఖం.

కళ్ళు మంటలు. హాస్టల్‌కి వచ్చి లైబ్రరీ పుస్తకం తెరిచాను. అదే పేజీ. మూసేశాను.

జూలై 4

అవే. వాన కూడా.

జూలై 6

ఇద్దరు వచ్చారు. బాసగూడ దాటి ఎక్కడో లోపలి ఊరు. పూజారి ముత్తయ్య, పెద్దాయన, ఒళ్ళో ఎర్రగుడ్డ మూట. వెంట లచ్చయ్య అని నడివయసు మనిషి. పూజారి బెంచీ మీద కూర్చున్నాడు. లచ్చయ్య దూరంగా గోడ వారన గొంతుక్కూర్చున్నాడు. బెంచీ ఖాళీగా ఉంది కదా అన్నాను. ఇద్దరూ విననట్టే ఉన్నారు.

మా ల్యాబు సర్‌ది విశాఖ. అయినా ఇది హిందీ రాష్ట్రం కదా, ఎవరు వచ్చినా హిందీలోనే మొదలుపెడతారు. పూజారి కాసేపు విని, నా వైపు తిరిగి — "ఈ సారుకు తెలుగు రాదా బిడ్డా?"

సర్ దగ్గారు. తర్వాత తెలుగే.

మూటలో అమ్మ, వాళ్ళ ఊరి దేవత. మూరెడు ఎత్తు, ఇత్తడి పోత. ఒళ్ళంతా సిందూరం, దాని మీద నూనె, దాని మీద మళ్ళీ సిందూరం. మొహం ఎక్కడుందో వెతుక్కోవాలి.

విత్తనాల పండుగకి అమ్మను ఊరి చుట్టూ తిప్పుతారట. మోసేది లచ్చయ్య, వాళ్ళ ఇంటివాళ్ళే మోయాలి. వాగు దాటుతూ జారాడు. అమ్మ బండ మీద పడింది. పగిలిందో లేదో తెలియదు. పైన పూసిన సిందూరం గీకకూడదు, ఎవరూ, ఎప్పుడూ. కాబట్టి చూసే దారి లేదు.

పగిలి ఉంటే అమ్మను తాలిపేరు వాగులో వదిలేయాలి. పగలగొట్టినవాడికి ఇక ఊరి భోజనాల బంతిలో చోటుండదు. ఇప్పటికే లచ్చయ్య చేతి నీళ్ళు ఎవరూ తాగడం లేదు. ఇంట్లో కూడా కంచం గడప అవతల పెడుతున్నారు. అదంతా పూజారే చెప్పాడు, మామూలుగా, పక్కవాడి పంట సంగతి చెప్పినట్టు. లచ్చయ్య నేల చూస్తూ విన్నాడు.

"దవాఖానకు పోయినం ముందుగాల. బొక్కల ఫోటో తీసేకాడికి. అమ్మ పేరు మీద చీటీ రాయాల్నా అని నవ్విన్రు. ఆ మిషను ఇత్తడిల దూరదంట. ఈడికి పొమ్మన్రు."

దారిలో జవాన్ల క్యాంపు దగ్గర మూట విప్పమన్నారట. "ఇప్పిన. ఆ జవాను బూట్లు ఇడిచి దండం పెట్టిండు. ఆ లేసులు ఇప్పుకొని మళ్ళ కట్టుకునేదాంక బస్సు ఆగింది."

సర్ నాతో విడిగా — "చూడమ్మా, రేపు తీసి పంపించెయ్. గొట్టాలవి మాత్రం ఆగకూడదు."

జూలై 7

పొద్దున్నే పూజారి సర్‌ని పక్కకి పిలిచాడు. "ఆ బిడ్డకు మైలేమన్న ఉన్నదేమో అడుగు సారూ." సర్ సీలింగు వైపు చూశారు. "అమ్మా, నువ్వే చెప్పుకో."

లేదు తాతా అన్నాను. చెవులు కాలిపోయాయి.

అమ్మను పడుకోబెట్టకూడదు. మొహం గోడకి తిప్పకూడదు. ఇవి సర్దుకున్నాం. తర్వాత అసలు చిక్కు. ఎక్స్‌రే వేసేటప్పుడు ఆ గదిలో మనిషి ఉండకూడదు. వాళ్ళ కట్టడి — అమ్మను గుడి దాటించాక ఒంటరిగా ఉంచకూడదు.

"ఉంటే మీకే మంచిది కాదు తాతా."

"ఏమైతది? ముసలోణ్ణి. నేనుంట."

"నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

అది పనిచేసింది. ఆలోచించి, భుజం మీది తువ్వాల తీశాడు. "నా తువ్వాల ఉంటె నేనున్నట్టే." మడిచి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టాను, ఫిల్ము మీద పడకుండా.

లచ్చయ్య గుమ్మం బయటి నుంచి, వచ్చాక మొదటిసారి మాట్లాడాడు. "ఆ వెలుగుకు తువ్వాలకేం గాదా?"

"నీ నోరు మూయి" అన్నాడు పూజారి.

ఏం కాదు కాకా అన్నాను.

మొదటి ఫిల్ము మొత్తం తెలుపు. మంచుముద్దలా. కాసేపు అర్థం కాలేదు. సిందూరం. ఆ సిందూరంలో ఉండేది సీసం. ఎక్స్‌రే బయటికి రాకుండా మా గది తలుపుకి కొట్టింది సీసపు రేకే. మేము తలుపుకి కొట్టుకున్నది వాళ్ళు అమ్మ ఒంటికి పూశారు, తరాల తరబడి.

వోల్టేజి పెంచాను. కిరణాలు ఎక్కువసేపు ఇచ్చాను. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి.

ఈసారి పడింది. ఇత్తడి గోడ, లోపల పోత కోసం పెట్టిన మట్టి అలాగే ఉంది. మట్టిలో కలిపిన వడ్ల పొట్టు పోతప్పుడు కాలిపోయి, దాని ఖాళీలు చిన్న చిన్న నల్ల గింజల్లా మిగిలాయి. కడుపు నిండా. ఇంత అందమైన ఫిల్ము నా చేతికి ఎప్పుడూ రాలేదు. చూస్తారా అని అడిగాను.

"మేం చూడొద్దు. అమ్మ కడుపుల ఏమున్నదో చూసుడు మాకు లేదు. నువ్వు చూసి ఉన్నదో లేదో చెప్పు. అంతే."

పగులు కోసం చూశాను. నల్ల గీత లేదు. సర్ వచ్చి భుజం మీదుగా చూశారు. "క్రాక్ లేదు. చెప్పి పంపించు."

పగులు లేదు తాతా అన్నాను.

పూజారి లేచాడు. మూలన కుండ మీది చెంబు నింపి తీసుకెళ్ళి లచ్చయ్యకిచ్చాడు. "నీళ్ళు పొయ్యి." తాను దోసిలి పట్టి వంగాడు. లచ్చయ్య పోశాడు. సగం కిందే పోయింది.

"వాగుల పడేసినట్టే పోస్తున్నవేందిరా" అన్నాడు పూజారి. తాగాడు.

వెళ్ళేముందు లచ్చయ్య బెంచీ మీద కూర్చున్నాడు. అంచున. కాసేపే.

జూలై 8

గొట్టాలు. ఓకే, ఓకే, రిజెక్ట్, ఓకే.

జూలై 9

ప్రభ నా గదిలో రెండో మంచం. బచేలి పిల్ల, ఆసుపత్రిలో నర్సు. వార్డంతా చెప్పేసిందట.

"దేవతకి ఎక్స్‌రే తీసిందే మా రూమ్మేట్ అంటే ఎవరూ నమ్మట్లేదే. కట్టు వేశారా మరి?"

పగులు లేదు అన్నాను.

"పోనీలే, చేతులు చాలా ఉంటాయి, దేనికి వెయ్యాలో తెలీక చచ్చేవాళ్ళు."

రెండే చేతులు. చెప్పలేదు.

జూలై 11

అమ్మ ఫిల్ములు కవర్లో పెట్టేయబోతూ ఊరికే ఒకసారి దీపం మీద పెట్టాను. పని కోసం కాదు. ఆ పొట్టు గింజలు మళ్ళీ చూద్దామని.

కుడి డొక్క దగ్గర తెల్ల గీత. సన్నగా, వంకరగా, వెంట్రుకలా.

ఆ రోజూ ఉంది. నా కళ్ళు దాని మీదుగా వెళ్ళిపోయాయి. ఈ గదిలో చేరినప్పటి నుంచి నల్లదాన్నే వెతుకుతున్నాను. తెలుపు అంటే మందం. తెలుపు అంటే గట్టి. తెలుపు అంటే తర్వాతి ఫిల్ము తీసుకో.

పక్క నుంచి తీసిన దాంట్లో ఇంకా స్పష్టం. గీత బయటి అంచున మొదలై ఇత్తడి మందమంతా దాటి మట్టి దాకా వెళ్ళింది. మట్టిలో కొంచెం విచ్చుకుంది, గోడకి చెమ్మ ఎక్కినట్టు.

పగులే. ఖాళీగా ఉంటే నల్లగా పడేది. ఇది ఖాళీగా లేదు. సిందూరం, నూనె దిగి దిగి నిండిపోయింది.

పగులు లేదు తాతా అన్నాను...

జూలై 12

సర్‌కి చూపించాను. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నేనూ చూశాగా ఆ రోజు."

"చూశారు సర్."

"హుఁ." తర్వాత — "పడ్డాక పూసింది దిగిందేమో?"

"ఈ కొద్ది రోజుల్లో మట్టి దాకా దిగుతుందా సర్?"

"దిగదు. పాతదే. చాలా పాతది." ఫిల్ము నా చేతికిచ్చారు. "అదే గొట్టమైతే ఇప్పుడే ఫోన్ చేసి రిజెక్ట్ చెప్పేవాణ్ణి. ఇదేంటో నాకు తెలీదమ్మా. వాళ్ళు రిపోర్టు అడగలేదుగా?"

అడగలేదు.

"సరే మరి" అన్నారు. ఏది సరో చెప్పలేదు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నారు.

జూలై 13, ఆదివారం

హాస్టల్ మెట్ల మీద బట్టలు ఆరేశారు. ఆరవు.

నాన్న ఫోను, కొంటా నుంచి. కొట్లో బేరం నడుస్తూ ఉంది, వెనక త్రాసు చప్పుడు. "దేవుణ్ణి లోపల చూసినవట గదమ్మా. ఏమున్నది?"

"మట్టి నాన్నా."

"అంతేనా?"

"వడ్ల పొట్టు."

"మంచిదే" అన్నాడు. "ఎప్పుడొస్తవు?" చూస్తాను అన్నాను. నేను ఎప్పుడూ చూస్తానే అంటాను.

మధ్యాహ్నం ప్రభ డ్యూటీ దిగి వచ్చింది. చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి.

"మాకూ అంతేనే. ఎముక విరిగి అతుక్కున్నచోట ఫిల్ములో తెల్లగా ఉంటుంది. పాతది, అతుక్కుపోయింది అని చెప్తాం. వాళ్ళు ఇంటికి పోతారు. నువ్వూ అలాగే చెప్పు."

"ఇత్తడి అతుక్కోదు."

"నీతో పెట్టుకోకూడదు" అని దుప్పటి కప్పుకుంది. కాసేపటికి దుప్పట్లోంచే — "ఇన్నాళ్ళు నిలబడిందిగా మరి."

చెప్తే అమ్మ వాగులోకి. లచ్చయ్య మళ్ళీ గోడ వారకి. పాతది అని ఎంత గట్టిగా చెప్పినా బాసగూడ దాటి ఆ ఊరు చేరేది పగిలింది అన్న మాటొక్కటే. చెప్పకపోతే ఏమీ జరగదు. చెప్పకపోవడం నాకు చేతనైన పని. కాన్వెంట్లో నన్ను ఎప్పుడూ అందుకే మెచ్చుకున్నారు. అడిగితేనే నోరు విప్పేదాన్ని.

కానీ అడిగారు. ఉన్నదో లేదో చెప్పు అన్నారు.

జూలై 14

ఫిల్ములు ఆరాయి. ఎండ. నాకేమీ హాయిగా లేదు.

జూలై 15

పూజారి ఫోన్ చేశాడు. బాసగూడ వైపు బీజాపూర్ సంతలో ఎవరి ఫోన్ నుంచో. ఒకటే గోల వెనక.

"ఒగ కాయితం రాసియ్యి బిడ్డా, ముద్ర గుద్ది. ఊళ్ళె సగం మంది నమ్ముతలేరు. సదువుకున్న పొల్లగాండ్లయితే మరీ. తువ్వాలను లోపట పెట్టి నేను బయట నిలబడ్డ గదా, అందుకే తప్పు పడ్డదంటున్నరు."

"కాగితం ఎప్పటిలోగా?"

"కొత్తల పండుగ లోపట. కొత్త గింజ అమ్మ ముట్టంది మేం ముట్టం. అమ్మే తేలకపోతె ఏం తింటం?"

పెట్టేసేలోపు అడిగాను. కుడి డొక్క దగ్గర సిందూరం మరీ మందంగా ఉంది, ఎందుకు తాతా?

"ముందుగాల ఆడ్నే పుయ్యాలె. నూనె గూడ ఆడ్నే పొయ్యాలె. మా తాతలకాడికెల్లి అంతే."

"ఎందుకు?"

"ఎందుకేంది బిడ్డా... అమ్మకు ఆడ చలి అంట."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వ్యూయర్ దీపం ఆర్పలేదు.

ఎవరో ఒకరు చూశారు. ఎప్పుడో, ఇంకా సిందూరం పలచగా ఉన్న రోజుల్లో. పగిలింది అనలేదు. అలా అంటే వాగులో వదలాలి. చలి అన్నారు. ముందు అక్కడే పూయండి అన్నారు. గీకవద్దు అన్నారు. తర్వాతివాళ్ళు పూస్తూ వచ్చారు, ఎందుకో తెలియకుండానే.

ఆ మనిషికి నిద్ర పట్టిందా?

జూలై 16

రిపోర్టు మొదలుపెట్టాను. వస్తువు: ఇత్తడి పోత విగ్రహం. లోపల: మట్టి. పగులు — అక్కడ ఆగాను.

జూలై 17

ఆగే ఉన్నాను. గొట్టాలు ఓకే, ఓకే, ఓకే. ఈ రోజు ఒక్కటీ రిజెక్ట్ కొట్టలేదు. నిజంగానే బాగున్నాయా, నేనే చూడటం లేదా? మధ్యాహ్నం కూర్చుని అన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాను. బాగున్నాయి.

జూలై 18

ఇది ల్యాబులోనే రాస్తున్నాను, డార్క్‌రూమ్ స్టూలు మీద. లచ్చయ్య వచ్చాడు. ఒక్కడే. కాగితం కోసం పంపారట. అడగకుండానే బెంచీ మీద కూర్చున్నాడు.

బంతిలో కూర్చోబెట్టుకుంటున్నారా కాకా అని అడిగాను. నేనుగా ఒకరిని ఒకటి అడగడం నాకే వింత.

"కూసోబెడుతున్రు. నేనే తింటలేను."

ఎందుకు?

అటూ ఇటూ చూశాడు. సర్ బయట ఫోన్‌లో ఉన్నారు.

"పడ్డనాడు టక్కుమన్నది బిడ్డా. నా చెవు కాడ్నే. నీళ్ళ సప్పుడుకు ఇంకెవ్వలకు ఇనబడలే. నేను చెప్పలే. ఇంటిదానికి గూడ చెప్పలే. పగులు లేదని నువ్వంటివి. మరి నేనిన్నదేంది?"

అడిగాడు. నేరుగా. పూజారి కాదు, సర్ కాదు. ఈయన అడిగాడు.

చెప్పాను. పగులు ఉంది. ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు. కానీ అది పాతది. మీరు పుట్టకముందుదే కావచ్చు. లోపలి దాకా సిందూరం నిండిపోయింది. ఒక వాక్యం తర్వాత ఒకటి, పాఠం అప్పజెప్పినట్టు.

"పాతదా?"

"పాతదే కాకా."

"అంటె ఇన్నేండ్లు ఇరిగిన అమ్మనే మోసిన్నా నేను?"

"అవును. మీ నాన్న కూడా."

భుజం తడుముకున్నాడు. "బరువు మటుకు ఏం తక్కువ లేకుండె" అన్నాడు. నవ్వాడు. ముందు పన్ను ఒకటి లేదు. ఇంతవరకు నేను గమనించలేదు. తువ్వాలతో మొహం అంతా గట్టిగా రుద్దుకున్నాడు, చాలాసేపు, చెమట తుడుచుకున్నట్టు.

"పూజారికి చెప్పినవా?"

"లేదు."

"చెప్తె అమ్మ పోతది."

"పాతదని తెలిసినా?"

"పాతదైతేంది, కొత్తదైతేంది? ఇరిగినమ్మ ఇరిగినమ్మే. పోతది." వేళ్ళు విరుచుకున్నాడు. "నాకు చెప్పినవు. నేను జేసింది గాదని నాకెరుకైంది. సాలు. కాయితంల లేదని రాయి బిడ్డా. ఇగ నేను మంచిగుంట."

రాస్తాను అనలేదు. రాయను అనలేదు. కూర్చోండి అని లోపలికి వచ్చాను.

రాసేముందు ఫిల్ము మళ్ళీ పెట్టాను. భూతద్దంతో. టక్కుమన్నది అన్నాడు కదా. పాత పగులు టక్కుమనదు.

తెల్ల గీతను మొదటి నుంచి పట్టుకుని నెమ్మదిగా కిందికి వచ్చాను. అది ఆగిన చోట పగులు ఆగలేదు. ఇంకా కొంచెం ఉంది. బియ్యపు గింజంత. నల్లగా. అందులో సిందూరం లేదు, ఏమీ లేదు.

పక్క నుంచి తీసినదీ చూశాను. అందులోనూ ఉంది.

పాతది పాతదే. చివర గింజంత కొత్తది, ఆయనది. ఆ చప్పుడు అదే. ఆయన సరిగ్గానే విన్నాడు.

తలుపు ఓరగా ఉంది. సర్ లోపలికి వచ్చి లచ్చయ్య పక్కనే కూర్చున్నారు. రెండు టీలు, విప్పిన బిస్కట్ల పొట్లం ఇద్దరి మధ్యా పెట్టారు. పూజారి తువ్వాల సంగతి మళ్ళీ చెబుతున్నాడు లచ్చయ్య, ఈసారి ముసలాయన గొంతు పెట్టి. సర్ నవ్వుతున్నారు. లచ్చయ్య ఒక బిస్కట్ టీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

రిపోర్టు కాగితం మోకాలి మీద ఉంది. పగులు — ఆ పక్కన ఖాళీ.

"అయిందా బిడ్డా?"

ఇంకొంచెం ఆగండి కాకా అన్నాను.

"తొందరేం లేదు. తింటున్న."